విందు ముగిసింది... చెత్త మిగల్లేదు!

ఇంట్లో వేడుకంటే చుట్టాలు, స్నేహితులు, పిల్లల కేరింతలు, వంటల ఘుమఘుమలు. మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు నాలుగు నల్ల సంచులు! ఆ సంచులు లేకుండా విందు చేయడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. కాస్త ముందుచూపు, ఇంకాస్త పాతకాలపు పద్ధతి, ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేసే మనసు ఉంటే చాలు.

ఓ చిన్న లెక్క వేద్దాం.

చంటివాడి మొదటి పుట్టినరోజు. పిలిచింది యాభైమందిని. రాగానే ఒక్కొక్కరి చేతిలో కూల్‌డ్రింకు గ్లాసు. కేకు ముక్కకి చిన్న ప్లేటు, చెంచా. భోజనానికి పెద్ద ప్లేటు, ఇంకో చెంచా, పాయసానికి కప్పు. ఐస్‌క్రీముకి మరో కప్పు, మరో చెంచా. మంచినీళ్ల సీసా ఒకటి. చేతులు తుడుచుకోవడానికి రెండు టిష్యూలు. అంటే మనిషికి 11 వస్తువులు. యాభైమందికి 550! గట్టిగా మూడు గంటల ముచ్చటకి ఐదువందల యాభై వస్తువులు కొని, ఒక్కసారి వాడి, సంచిలో కుక్కేస్తున్నాం. గోడకి అంటించిన థర్మకోల్ అక్షరాలు, బెలూన్లు, ఢామ్మని పేలి ఇల్లంతా చిందిన రంగు కాగితాలు, కానుకల మీది మెరుపు కాగితాలు... ఇవన్నీ లెక్కలోకి రానివి. ఆకుల్లో, గిన్నెల్లో మిగిలిపోయిన అన్నం, కూరల సంగతి సరేసరి.

డబ్బు పెట్టి కొన్నాం, వాడాం, పారేశాం. మన పని అయిపోయింది. కానీ, ఆ సంచి పని అప్పుడే మొదలవుతుంది.

ఆ సంచి ఎక్కడికెళ్తుంది?

హైదరాబాద్‌లో అయితే ఇంటి ముందు నుంచి ఆటోలోకీ, అక్కణ్నుంచి లారీలోకీ, చివరికి ఊరి శివారు జవహర్‌నగర్‌కీ వెళ్తుంది. ప్రతి ఊరికీ అలాంటి జవహర్‌నగర్ ఒకటి ఉంటుంది. పేరే వేరు. చిక్కంతా ఎక్కడంటే... సాంబారన్నం, పేపరు ప్లేటు, ప్లాస్టిక్ గ్లాసు ఒకే సంచిలో కలవడంలో. విడివిడిగా ఉంటే అన్నం ఎరువయ్యేది, కాగితం మళ్లీ కాగితమయ్యేది. కలిసిపోయాక ఏదీ దేనికీ పనికిరాదు. దాన్ని విడదీయాలంటే ఎవరో ఒకరు చెయ్యి పెట్టాల్సిందే. మన పెరుగన్నం పులిసి కంపు కొడుతున్న సంచిలో మర్నాడు చెయ్యి పెట్టేది పారిశుద్ధ్య కార్మికులే.

థర్మకోల్ కథ మరీ విచిత్రం. అందులో దాదాపు 98 శాతం గాలే. బస్తా నిండా ఉన్నా బరువు తూగదు. అందుకే తూకానికి కొనే పాతసామాన్ల వాళ్లు దానివంక కన్నెత్తి చూడరు. చూడకపోతే అది కాలవలోకో ఖాళీ స్థలంలోకో చేరుతుంది. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి పారేసిన మిగులు అన్నం మరో ప్రమాదం. ఆవు ఆ మూట విప్పుకోలేదు కదా... కవరుతో సహా మింగేస్తుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ పశువైద్యులు వీధి ఆవులకి శస్త్రచికిత్స చేసి పొట్టలోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీశారు. 2012లో వచ్చిన ‘ది ప్లాస్టిక్ కౌ’ డాక్యుమెంటరీ ఆ బాధనే కళ్లకు కట్టింది.

ఇక తిండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్లదీ కాదు, దుకాణాలదీ కాదు... ఇళ్లది! చెత్తకుప్ప అడుగున గాలి తగలకుండా కుళ్లే ఆహారం నుంచి మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువది. కిలో బియ్యం పండాలంటే సుమారు 2,500 లీటర్ల నీళ్లు కావాలి. అంటే ఓ గిన్నెడు అన్నం పారబోసినప్పుడు దాని వెనకున్న ఎన్ని బిందెల నీళ్లు పారబోసినట్టో!

చట్టం ఏమంటోంది?

2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడిపారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, కప్పులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, అలంకరణకి వాడే థర్మకోల్, బెలూన్లకి తగిలించే ప్లాస్టిక్ పుల్లలు, మిఠాయి డబ్బాల మీదా శుభలేఖల మీదా చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర... అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వంద మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లకీ అనుమతి లేదు. చేతిసంచులైతే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల మందం ఉండాల్సిందే. అంతకుముందే, 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వందమందికి మించి పిలిచే వేడుక గురించి ఓ మాట చెప్పాయి. అనుమతి ఉన్న ఫంక్షన్‌హాలు కాకుండా మరోచోట చేస్తుంటే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలియజేయాలనీ, చెత్తని వేరుచేసి అప్పగించే బాధ్యత వేడుక చేసేవాళ్లదేననీ.

అంటే... మన 550 వస్తువుల్లో చాలావాటిని అసలు కొనకూడదు. సందు చివరి కొట్లో దొరుకుతున్నాయి కాబట్టి కొంటున్నాం. అంతే.

మొదటి మెట్టు... లెక్క

చెత్త తగ్గించడం వేడుక రోజున మొదలయ్యే పని కాదు. వారం ముందు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నప్పుడే సగం పని అయిపోతుంది.

పిలిచేటప్పుడే ‘ఎంతమంది వస్తున్నారు వదినా? పిల్లలు కూడానా?’ అని అడిగేయండి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. అడిగితే ఆప్యాయతే, అడక్కపోతేనే అయిదుగురి వంట అదనం. ముందురోజు సాయంత్రం మరోసారి ఫోను చేస్తే లెక్క ఇంకా కచ్చితంగా తేలుతుంది. ఆహ్వానపత్రిక ఎలాగూ ఇప్పుడు ఫోన్లోనే వెళ్తోంది. ఇంటి వేడుకకి అచ్చు వేయించిన కార్డులు అక్కర్లేదు.

గారెలు, పులిహోర, పూర్ణాలు లాంటివి ఉన్న భోజనానికి మనిషికి సుమారు వంద గ్రాముల బియ్యం చాలన్నది వంటవాళ్ల లెక్క. అంటే కిలో బియ్యం పదిమందికి. చిన్నపిల్లలు ఇద్దర్ని కలిపి ఒకరిగా లెక్కేసుకోవచ్చు. ‘తక్కువైతే పరువు పోదూ?’ అన్న భయమే ప్రతి ఇంట్లోనూ రెండు కిలోలు అదనంగా పోయిస్తుంది. ఆ భయానికి విరుగుడుంది. బియ్యం కడిగి, రెండు కిలోలు విడిగా నానబెట్టి ఉంచుకోండి. మూడోవంతుమంది తినడం అయ్యేసరికి అవసరమో కాదో తెలిసిపోతుంది. అవసరమైతే ఇరవై నిమిషాల్లో కుక్కర్లో పొంగుతుంది. కాకపోతే మర్నాడు దోసెల పిండిలోకి వెళ్తుంది.

ఇంకోమాట... రకాలు తగ్గించండి. పదిహేను రకాలున్న చోట ఏదీ మనసారా తినం, అన్నీ రుచి చూసి సగం వదిలేస్తాం. ఓ స్వీటు, ఓ హాటు, పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు. బాగా కుదిరిన ఏడు రకాలు చాలు, వచ్చినవాళ్లు పదికాలాలపాటు చెప్పుకోవడానికి. కూరలు కూడా ఆ కాలంలో మన ఊరి రైతుబజార్లో దొరికేవే ఎంచుకుంటే రుచికి రుచి, ఆదాకి ఆదా. బజారుకి వెళ్లేటప్పుడు గుడ్డసంచులు, పెరుగుకీ పన్నీరుకీ మూతగిన్నెలు పట్టుకెళ్లడం మరవకండి.

ఏ పళ్లెంలో పెడదాం?

అన్నిటికన్నా మంచిది స్టీలు కంచం. ఇంట్లో యాభై ఉండవు నిజమే. కానీ వీధిలో టెంట్‌హౌస్ ఉంటుందిగా! షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే చోటే కంచాలు, గ్లాసులు, గరిటెలు, నీళ్ల డ్రమ్ములు కూడా దొరుకుతాయి. ఫ్లాట్లలో ఉండేవాళ్లు అటూ ఇటూ నాలుగిళ్లలో అడిగినా సరిపోతాయి. సిద్దిపేట జిల్లాలోని ఊళ్లలో ఇదే ఆలోచనతో ‘స్టీలు బ్యాంకులు’ పెట్టారు. శుభకార్యం ఉన్నవాళ్లు అక్కణ్నుంచి సామాను తెచ్చుకుంటారు, పనయ్యాక కడిగి తిరిగి అప్పగిస్తారు. కేరళ అయితే 2015లో జాతీయ క్రీడలనే హరిత నియమావళితో జరిపింది. అంత పెద్ద పండగకి సాధ్యమైంది మన ఇంట్లో యాభైమందికి కాదా?

రెండో స్థానం ఆకుది. అరటాకు సంగతి చెప్పేదేముంది... వేడి అన్నం పడగానే వచ్చే ఆ పరిమళమే సగం విందు. మోదుగాకుల విస్తరి, అడ్డాకుల విస్తరి కూడా అలాంటివే. మన్యంలో గిరిజనులు అడ్డతీగ ఆకులు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుడతారు. అన్నవరం సత్యదేవుడి ప్రసాదం రుచిలో ఆ ఆకుదీ వాటా ఉందంటే ఒప్పుకోనివాళ్లుండరు! విస్తరి కొంటే డబ్బు ఆకు కుట్టిన చేతికి వెళ్తుంది. వాడేశాక మట్టిలో కలుస్తుంది. నీటి ఎద్దడి ఉన్న వేసవిలో, ట్యాంకర్ల మీద బతికే అపార్టుమెంట్లలో స్టీలు కంచాలు తోమడం కన్నా ఆకే మేలు. పోకచెట్టు మట్టలతో చేసిన గట్టి ప్లేట్లు కూడా బాగానే ఉంటాయి. పులుసు పోసినా కారవు.

ఇక్కడో జాగ్రత్త. ‘బఫే విస్తళ్ల’ పేరుతో దొరికేవాటిలో కొన్నింటికి పైన ఆకు, కింద అట్ట, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఓ మూల చింపి చూడండి. సాగే పల్చటి పొర కనిపిస్తే అది ఆకు విస్తరి కాదు, ఆకు వేషం కట్టిన ప్లాస్టిక్. పేపరు కప్పులూ అంతే. కాగితం తడిసిపోకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చిన సంగతి వింటే టీ గొంతు దిగదు. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పోసి పావుగంట ఉంచితే దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి చేరతాయట. ఆ టీ ఏదో స్టీలు గ్లాసులోనో పింగాణీ కప్పులోనో ఇచ్చేస్తే పోలా!

‘పేపరు ప్లేటు వద్దు, పాత న్యూస్‌పేపర్లో బజ్జీలు పెట్టేద్దాం’ అనుకుంటే అదీ తప్పే. అచ్చు సిరా ఆహారంలోకి దిగుతుందని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎప్పట్నుంచో హెచ్చరిస్తోంది.

దాహానికి దారి

నీళ్ల సీసాల్ది పెద్ద మాయ. సగం తాగి ఎక్కడో పెడతాం, ఏది మనదో మర్చిపోయి కొత్తది తీస్తాం. యాభైమందికి డెబ్భై సీసాలు ఖర్చవుతాయి, వాటిలో సగం నీళ్లు మొక్కల పాలవుతాయి. అదే కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఒకటి, ఎండాకాలమైతే మట్టికూజా ఒకటి హాల్లో ఓ మూల పెట్టి, పక్కన గ్లాసులు బోర్లించండి. పిల్లలు గ్లాసులు కలిపేసుకోకుండా ఓ చిట్కా... తలో రంగు దారం గ్లాసుకి చుట్టండి. ‘నాది ఎర్రదారం’ అంటూ వాళ్లే గుర్తు పెట్టుకుంటారు. అదో ఆట కూడా.

కూల్‌డ్రింకుల బదులు వేసవిలో మజ్జిగ, పానకం, సబ్జాగింజల నిమ్మరసం... చలికాలంలో అల్లం టీ. డబ్బాలు, సీసాలు, స్ట్రాలు ఒక్కసారిగా మాయం.

తోరణం చాలదా!

పెళ్లిళ్లకి అరటిబోదెలు, మామిడి తోరణాలు, తాటాకు పందిళ్లు, కొబ్బరాకు అల్లికలు... అలంకరణలో మనకు ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిందేమీ లేదు. బంతిపూల దండలు, రెండు పాత పట్టుచీరలు గోడకి తెరలా వేలాడదీస్తే ఫొటోలకి అంతకన్నా అందమైన నేపథ్యం ఏముంటుంది? గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమలకీ విందే. పూలని నిలబెట్టడానికి వాడే ఆకుపచ్చ ఫోము మాత్రం తేవద్దు. అదీ ప్లాస్టిక్కే, పొడిపొడిగా రాలి నీళ్లలో కలుస్తుంది. ఇత్తడి చెంబులో నాలుగు పూలగుత్తులు పెట్టండి, సరి.

పిల్లల పేరున్న ఫ్లెక్సీ బదులు ఓ గుడ్డ బ్యానరు చేయించండి. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అన్నది కుట్టేసి, పేరూ వయసూ మాత్రం పిన్నుతో మార్చుకునేలా ఉంచితే ఇంట్లో పిల్లలందరికీ, ప్రతి ఏడూ అదే పనికొస్తుంది. బెలూన్లు లేకపోతే పిల్లలు ఒప్పుకోరనుకుంటే మెరిసే రేకు బెలూన్లు మానేసి, మామూలు రబ్బరువి పదింటితో సరిపెట్టండి. ఆకాశంలోకి వదలకండి. పగిలిన ముక్కలు ఏరి చెత్తలో వేసే పని పిల్లలకే అప్పజెప్పండి. పేల్చే రంగు కాగితాల బదులు బంతిపూల రేకులు చల్లితే ఊడ్చిపారేసే బాధే లేదు, తిన్నగా మొక్కల మొదట్లోకే. ఎండిన బంతిపూలలో విత్తనాలుంటాయి. కుండీలో చల్లితే వచ్చే పండక్కి ఇంట్లోనే పూలు!

కొసరి వడ్డించండి... అడిగి వడ్డించండి

ఒకప్పుడు బంతిభోజనాల్లో వడ్డించేవాళ్లు ఆకు వంకా, మనిషి వంకా చూసి వడ్డించేవారు. బఫే వచ్చాక ఎవరికి వాళ్లం కొండలా వడ్డించుకుంటున్నాం. మళ్లీ వరుసలో నిలబడాలన్న బద్ధకంతో అన్నీ ఒకేసారి. తినలేక సగం వదిలేస్తున్నాం. ఇంట్లో యాభైమందే కాబట్టి పాతికమంది చొప్పున రెండు బంతులు వేయొచ్చు. చాపలో, దుప్పట్లో పరిస్తే పిల్లలకి అదే పిక్నిక్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి బల్లలు, కుర్చీలు.

బఫేనే అనుకుంటే మాత్రం పళ్లేలు చిన్నవి, గరిటెలు చిన్నవి పెట్టండి. పచ్చళ్లు, స్వీట్లు దగ్గర ఓ మనిషి నిలబడి అందిస్తే బాగుంటుంది. అన్నట్టు, మన మర్యాదల్లో కాస్త మార్చుకోవాల్సిందీ ఉంది. ‘ఇంకొక్కటి వేయించుకోవాలి అన్నయ్యగారూ, నా మీద ఒట్టే’ అంటూ వద్దన్నా పూర్ణం పడేస్తే అది అభిమానమే. కానీ ఆ పూర్ణం చివరికి ఎటు వెళ్తుందో మనకి తెలుసు. వద్దంటే వద్దనే అర్థం చేసుకుని, ‘మళ్లీ వస్తాను, అప్పుడు వేయించుకోండి’ అనడంలోనూ ఆప్యాయత ఉంది.

మిగిలితే ఏం చేద్దాం?

ఎంత లెక్కేసినా కాస్తో కూస్తో మిగులుతుంది. దాన్ని ఏంచేయాలో ముందే అనుకోవడంలోనే కిటుకు ఉంది. వండిన పదార్థం బయట మామూలు వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. కాబట్టి అందరూ వెళ్లాక రాత్రి పదకొండింటికి ఆలోచిస్తే లాభంలేదు. పెద్ద గిన్నెలోది మొత్తం బల్లమీదికి తేకుండా కొంచెం కొంచెంగా చిన్న గిన్నెల్లోకి తీసుకొచ్చి పెట్టండి. ముట్టనిది వేడిగా, శుభ్రంగా ఉంటుంది.

దగ్గరివాళ్లని పిలిచేటప్పుడే ‘వచ్చేటప్పుడు ఓ టిఫిన్ క్యారియర్ తెచ్చుకోండి పిన్నీ’ అని చెప్పేయండి. మొహమాటం ఎందుకు... పూర్వం పెళ్లివారింటి నుంచి సున్నుండలు, అరిసెలు మూటగట్టి పంపించడం మనకి తెలిసిన మర్యాదేగా! ఎక్కువ మిగిలేలా ఉంటే 2014లో దిల్లీలో మొదలై హైదరాబాద్ సహా ఎన్నో నగరాలకి విస్తరించిన రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి స్వచ్ఛంద బృందాలు మీ ఊళ్లో ఉన్నాయేమో ముందురోజే కనుక్కోండి. మిగిలిన ఆహారం పంచే పద్ధతి ఎలా ఉండాలో చెబుతూ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు కూడా వచ్చాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనం తినడానికి సందేహించేది ఇంకొకరికి పెట్టకూడదు. పాచిపోయిన పులుసు దానం కాదు.

మరి అంట్లెవరు తోమాలి?

అసలు ప్రశ్న ఇదీ! ఇప్పటిదాకా చదివిన ఇల్లాలి మనసులో పొద్దుట్నుంచీ మెదులుతున్నదీ ఇదే. ‘స్టీలు కంచాలు, గ్లాసులు, బంతి భోజనాలు... బాగానే చెప్పారు. అవన్నీ కడిగేదెవరు?’

న్యాయమైన ప్రశ్న. వాడిపారేసే ప్లేటు ఇంట్లోకి ఊరికే రాలేదు. అంట్ల గిన్నెల ముందు కూర్చుని వేడుకంతా వంటింట్లోనే గడిపేసిన ఆడవాళ్ల అలసటే దాన్ని తెచ్చింది. కాబట్టి ‘పర్యావరణం కోసం’ అంటూ ఆ భారాన్ని మళ్లీ అమ్మ మీదో, పనమ్మాయి మీదో వేసేస్తే అది సంస్కరణ కాదు. చెత్తని కష్టంగా మార్చడమే. ఇంటి పని మనుషులకి యాభైమంది అంట్లు మామూలు జీతంలో భాగం కాదు. ముందే చెప్పి, ఆ పనికి విడిగా డబ్బిచ్చి, సాయానికి ఇంకొకరిని పెట్టుకుంటేనే సబబు. కొన్ని ప్లేట్లు, కప్పుల కట్టలు కొనే డబ్బు ఎలాగూ మిగిలిందిగా... అది ఇటు ఇవ్వండి.

మిగతా పని ఇంటిల్లిపాదిదీ. పెరట్లోనో బాల్కనీలోనో మూడు టబ్బులు పెట్టండి. తిన్నవాళ్లు ఎవరి కంచంలో మిగిలింది వాళ్లే ఓ బకెట్లోకి దులిపి, మొదటి టబ్బులో వేసేయాలి. అందులో నీళ్లలో నానతాయి. రెండో దాంట్లో సబ్బునీళ్లు, మూడో దాంట్లో మంచినీళ్లు. కుళాయి వదిలేసి కడిగే కన్నా నీళ్లు ఎంతో ఆదా, పనీ వేగం. మజ్జిగన్నంలోని నూనె జిడ్డు లేని కంచాలు ముందు, బిర్యానీ గిన్నెలు తర్వాత. బాబాయిలు, బావలు తలో అరగంట నిలబడితే కబుర్లలోనే తేలిపోతుంది. ఎంత చదువుకున్న ఇల్లయినా, భోజనాలవగానే మగవాళ్లు హాల్లో టీవీ ముందూ ఆడవాళ్లు సింకు ముందూ చేరే అలవాటు ఒకటుంది. ఏ ప్లాస్టిక్ నిషేధమైనా మన ఇంట్లో నిలబడాలంటే ముందు ఆ అలవాటు మారాలి.

కవరు లేని కానుక

ఇవ్వాల్సిన రిటర్న్ గిఫ్టుల విషయానికొస్తే, నాలుగు రోజుల్లో విరిగే ప్లాస్టిక్ బొమ్మలూ, అందరిళ్లలోనూ చక్కర్లు కొట్టే డబ్బాలూ ఎందుకు? ఏటికొప్పాక బొంగరాలు, బొమ్మలు చూశారుగా... అంకుడు కర్రతో చేసి, సహజ రంగులు కలిపిన లక్కతో తీర్చిదిద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిల్లలకి అదో, ఓ కథల పుస్తకమో ఇవ్వండి. పెద్దవాళ్లకి కరివేపాకు మొక్క, ఇంట్లో పట్టిన కారప్పొడి సీసా, గుడ్డసంచిలో తాంబూలం. వచ్చే కానుకలకి చుట్టే మెరుపు కాగితం మళ్లీ ఎందుకూ పనికిరాదు. అదే మీరు ఎవరింటికైనా వెళ్తుంటే, చదివేసిన ఆదివారం పుస్తకంలోని రంగుల పేజీలతో చుట్టేయండి. అందంగా ఉంటుంది, అవతలివాళ్లు చదువుకోవచ్చు కూడా!

మూడు బుట్టల మంత్రం

అతిథులకి కనిపించేలా మూడు బుట్టలు పెట్టి, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఒకటి తడి చెత్తకి- ఆకులు, తొక్కలు, తినగా మిగిలినవి. రెండోది పొడి చెత్తకి- కాగితాలు, అట్టలు, పాల ప్యాకెట్లు. మూడోది తిరిగి వాడేవాటికి- రిబ్బన్లు, సంచులు, డబ్బాలు. ఓ పదేళ్ల పిల్లాణ్ని ‘బుట్టల కాపలాదారు’గా నియమిస్తే చాలు, మావయ్యగారు కూడా తప్పు బుట్టలో వేయడానికి భయపడతారు.

తడి చెత్తని ఇంట్లోనే ఎరువు చేయొచ్చు. అడుగున చిల్లులున్న పాత బకెట్టులో ఎండుటాకులు పరిచి, పైన తడి చెత్త, మళ్లీ ఎండుటాకులు... ఇలా పొరలుగా వేయాలి. తడి చెత్తకి కనీసం రెట్టింపు ఎండుటాకులు ఉంటే వాసన రాదు. కాస్త పుల్లమజ్జిగ చిలకరిస్తే త్వరగా మగ్గుతుంది. వారానికోసారి కలియబెడితే రెండు నెలల్లో నల్లటి ఎరువు సిద్ధం. నూనె ఓడే కూరలు, మాంసం, ఎముకలు మాత్రం అందులో వేయకండి.

ఇవి గుర్తుంటే చాలు

* వారం ముందు: అతిథుల లెక్క, వంటల జాబితా. కంచాలు, గ్లాసులు ఎక్కణ్నుంచి తేవాలో ఖాయం చేసుకోవాలి. సాయానికి వచ్చేవాళ్లతో మాట్లాడాలి.
* మూడు రోజుల ముందు: విస్తళ్లయితే మూల చింపి చూసి కొనాలి. కేకు చెప్పేటప్పుడే ప్లాస్టిక్ కత్తి, కొవ్వొత్తులు వద్దనాలి. మిగిలిన ఆహారం తీసుకెళ్లే బృందం నంబరు రాసిపెట్టుకోవాలి.
* ముందురోజు: ఎవరెవరు వస్తున్నారో మరోసారి కనుక్కోవాలి. గుడ్డసంచులతో బజారు. పాత కాటన్ చీరలు చింపి చేతిరుమాళ్లు చేస్తే టిష్యూలు అక్కర్లేదు.
* ఆ రోజు: నీళ్ల డ్రమ్ము, రంగు దారాల గ్లాసులు, మూడు బుట్టలు, మూడు టబ్బులు.
* భోజనాలయ్యాక: రెండు గంటల్లోపే మిగిలింది పంచేయాలి. అంట్ల దగ్గర అందరూ.

అన్నీ ఒకేసారి కుదరకపోవచ్చు. ఈసారి సీసాలు మానేస్తే, వచ్చేసారి ప్లేట్లు. ఒక అపార్టుమెంటులో నలభై ఇళ్లుంటే, ఇంటికి రెండు కంచాలు, రెండు గ్లాసుల చొప్పున సంఘానికి ఇచ్చినా ఎనభైమందికి సరిపడా సామాను తయారు. కింద సెల్లారులో ఓ బీరువా, దానికో తాళం, ఓ రాతపుస్తకం చాలు. ఇవాళ మీ ఇంట్లో పుట్టినరోజు, వచ్చే నెల పైవాళ్లింట్లో సీమంతం, ఆ తర్వాత ఎదురింట్లో సత్యనారాయణ వ్రతం. మొదట ఎవరో ఒకరు అడగాలి. ఈ ఆదివారం సంఘం సమావేశం ఉంటే, ఆ మాటేదో మీరే ఎత్తకూడదూ!